దిగినవారు, దించినవారు: తెలుగు తరగతిలో వార్తాపఠనం

తెలుగు దినపత్రిక చదివే అలవాటున్న ఎవరికైనా ఈ తరహా శీర్షిక కొత్తది కాదు: ‘మ్యాన్‌హోల్‌లో ఊపిరాడక ఇద్దరు కార్మికుల మృతి’. ఊరు మారుతుంది, సంఖ్య మారుతుంది, వాక్యం మాత్రం మారదు. తెలుగు సాహిత్య తరగతిలో ఇటువంటి వాక్యానికి సాధారణంగా ప్రవేశం ఉండదు. ఎప్పుడైనా దొరికినా ‘పారిశుద్ధ్య కార్మికుల దుస్థితి’ అనే వ్యాసానికి ఉపోద్ఘాతంగా దొరుకుతుంది. అధ్యాపకుడు శీర్షిక చదువుతాడు, పత్రిక మడిచి బల్లపై పెడతాడు, విద్యార్థులను అభిప్రాయాలు అడుగుతాడు. నలుగురు మాట్లాడతారు. అందరూ జాలిపడతారు. గంట మోగుతుంది. దీనినే ‘సమకాలీన సామాజిక సమస్యలపై తరగతి చర్చ’ అని శాఖా నివేదికల్లో నమోదు చేయడం ఇటీవల పెరిగింది.

ఈ పద్ధతిలో లోపం పత్రికను తరగతికి తేవడం కాదు, తెచ్చిన పత్రికను చదవకపోవడం. పద్యానికి ప్రతిపదార్థం, తాత్పర్యం, విశేషాంశం అని మూడంచెల పఠనం నేర్పే శాఖ వార్త ముందుకు వచ్చేసరికి నేరుగా తాత్పర్యంలోకి, అక్కడినుంచి ఉపన్యాసంలోకి దూకుతోంది. వార్త సమాజానికి కిటికీ అన్న అమాయకమైన నమ్మకం దీనికి మూలం. వార్త కిటికీ కాదు. అది వాక్యాలతో కట్టిన నిర్మాణం. ఆ నిర్మాణాన్ని విప్పే పరికరాలు విశ్వవిద్యాలయంలో మరే శాఖకన్నా తెలుగు శాఖ దగ్గరే ఎక్కువగా ఉన్నాయి. వాటిని వార్తపై ప్రయోగించకుండా జరిపే సామాజిక చర్చ రచ్చబండ స్థాయిని దాటదు.

వ్యాకరణం వెతికే నేరస్థుడు

పై శీర్షికనే తీసుకోవచ్చు. ‘ఊపిరాడక’ వ్యతిరేక క్త్వార్థకం. అందులో కర్త ఊపిరి. మరణానికి కారణంగా వాక్యం చూపేది చనిపోయినవారి ఊపిరినే. ‘మృతి’ నామపదం కనుక కాలమూ లేదు, కర్తా లేడు. లోపలి వార్తలో క్రియ కనిపిస్తుంది: ‘శుభ్రం చేసేందుకు దిగిన కార్మికులు’. ఇక్కడ కర్త దొరికాడు, కానీ అతడు మృతుడే. తెలుగులో ‘దిగు’ అనే ధాతువుకు ‘దించు’ అనే ప్రేరణరూపం ఉందని పాఠశాల విద్యార్థికి కూడా తెలుసు. దిగినవాడు ఉన్నాడంటే దించినవాడు ఉండాలి. వాక్యంలో అతడు లేడు.

ఇది కేవలం శైలికి సంబంధించిన విషయమైతే ఇంత పట్టింపు అక్కరలేదు. పాకీపని నిషేధానికి, ఆ పనిచేసేవారి పునరావాసానికి ఉద్దేశించిన 2013 నాటి చట్టం మురుగుకాలువలను, సెప్టిక్ ట్యాంకులను ప్రమాదకరమైన రీతిలో శుభ్రం చేయడానికి మనుషులను నియోగించడాన్ని నిషేధించింది. తొలి నేరానికి రెండేళ్ల వరకు జైలు గాని, రెండు లక్షల రూపాయల వరకు జరిమానా గాని, రెండూ గాని విధించవచ్చునని అందులో ఉంది. ఆ చట్టం దృష్టిలో నేరం దిగడం కాదు, దించడం. అంటే చట్టం ప్రేరణార్థకంలో మాట్లాడుతోంది, వార్త అకర్మకంలో మాట్లాడుతోంది. చట్టం ఎవరిని వెతుకుతోందో సరిగ్గా ఆ మనిషినే వాక్యం వదిలేస్తోంది. సఫాయి కర్మచారి ఆందోళన్ వేసిన వ్యాజ్యంలో సుప్రీంకోర్టు 2014 మార్చి 27న ఇచ్చిన తీర్పు 1993 నుంచి మురుగుకాలువల్లో మరణించిన ప్రతి ఒక్కరి కుటుంబానికీ పది లక్షల పరిహారం ఇవ్వాలంది. 2023 అక్టోబరులో అదే న్యాయస్థానం ఆ మొత్తాన్ని ముప్ఫై లక్షలకు పెంచింది. ఆ పరిహారం అందాలంటే ముందుగా ఆ మరణం ‘ప్రమాదం’ అన్న పేరునుంచి బయటపడాలి. ఎంత చిన్న పత్రికైనా ఆ పేరు పెట్టే చోట్లలో ఒకటి.

‘దిగు’, ‘దించు’ల మధ్య ఉన్న ఈ దూరాన్ని తరగతిలో కొలవడానికి పావుగంట చాలు. ఆ పావుగంట తరువాత జరిగే చర్చ జాలి దగ్గర ఆగదు. దించినవాడు కాంట్రాక్టరా, అపార్టుమెంటు సంఘమా, పురపాలక సంఘమా? వార్తలో ఆ పేరు లేకపోతే విలేఖరికి దొరకలేదా, దొరికినా రాయలేదా, రాసినా బల్ల దగ్గర కొట్టేశారా? చనిపోయినవారి కులం రాశారా? రాయకపోవడం మర్యాదా, మరుగుపరచడమా? ఈ పనిలో చనిపోయేవారు అత్యధికంగా ఏ కులాలవారో బెజవాడ విల్సన్ దశాబ్దాలుగా చెబుతూనే ఉన్నాడు. 2016లో ఆయనకు రామన్ మెగసెసే పురస్కారం వచ్చినప్పుడు తెలుగు పత్రికలు తెలుగువాడని గర్వపడ్డాయి. ఆ గర్వం లోపలి పేజీల వాక్యనిర్మాణం దాకా చేరలేదు.

పత్రికాభాషకు మార్గదర్శకాలు కూర్చినవారు ‘బడు’ ప్రయోగం ఆంగ్ల ప్రభావమని, తెలుగు నుడికారానికి పొసగదని విలేఖరులకు నూరిపోశారు. మంచిదే. ఆ శిక్షణ ఫలించింది, ‘చంపబడెను’ పత్రికల్లో కనుమరుగైంది. అయితే కర్మణి వాక్యం పోయినంత మాత్రాన కర్త తిరిగిరాలేదు. ‘హత్యకు గురయ్యాడు’, ‘మృత్యువాత పడ్డారు’, ‘విద్యుదాఘాతానికి బలి’, ‘లైంగిక దాడికి గురైన యువతి’ అన్న పదబంధాలు ఆ ఖాళీలోకి వచ్చి కూర్చున్నాయి. ఇవన్నీ నికార్సయిన తెలుగు పలుకుబడులే, భాషాశుద్ధి పరీక్షలో అన్నింటికీ పూర్తి మార్కులు వస్తాయి. తెలుగు శాఖలు పత్రికాభాషను దశాబ్దాలుగా పరిశీలిస్తున్నాయి, సిద్ధాంతగ్రంథాలూ వచ్చాయి. వాటిలో అధికభాగం అన్యదేశ్యాల పట్టికలు, సంక్షిప్త పదాల పట్టికలు, కొత్త సమాసాల పట్టికలు. ఏ పదం ఏ భాషనుంచి వచ్చిందో శ్రద్ధగా లెక్కించిన పరిశోధన ఏ మనిషి ఏ వాక్యంనుంచి వెళ్లిపోయాడో లెక్కించలేదు. చేకూరి రామారావు ‘తెలుగు వాక్యం’ 1975లోనే వచ్చింది. వాక్యాన్ని విప్పి చూడడానికి కావలసిన పద్ధతి అప్పటినుంచి గ్రంథాలయంలో ఉంది. దానిని భాషాశాస్త్ర పత్రంలో పరీక్షకు చదివించి, సాహిత్య పత్రంలో మరచిపోవడమే ఆనవాయితీ అయింది.

‘అని’ అనే చిన్న మాట

మరొక రకం శీర్షిక: ‘తల్లి మందలించిందని విద్యార్థిని ఆత్మహత్య’, ‘మార్కులు తగ్గాయని...’, ‘ఫోన్ కొనివ్వలేదని...’. తెలుగులో ‘అని’ రెండు పనులు చేస్తుంది. ఒకరి మాటను అనుకరించి చెబుతుంది, కారణాన్నీ చెబుతుంది. మందలించిందన్నది ఎవరి మాట? మరణించిన పిల్ల చెప్పలేదు. పోలీసు కాగితంలో ఉండవచ్చు, పొరుగింటివారు అని ఉండవచ్చు, విలేఖరి ఊహ కావచ్చు. ‘అని’ ఈ మూడింటినీ కలిపేసి కారణంగా నిలబెడుతుంది, ఆ కారణాన్ని ఒక తల్లి నెత్తిన పెడుతుంది. ఆత్మహత్యకు ఒకే కారణాన్ని అంటగట్టి సరళీకరించవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచనలున్నాయి. వాటి ఆధారంగా భారత ప్రెస్ కౌన్సిల్ 2019లో మార్గదర్శకాలు స్వీకరించింది. వాటిని పత్రికలు ఎంతవరకు పాటిస్తున్నాయో చూడడానికి వేరే కొలబద్ద అక్కరలేదు, శీర్షికల్లో ‘అని’లను లెక్కపెడితే తెలుస్తుంది. ఒక ఎం.ఎ. విద్యార్థి నెల రోజుల్లో చేయగల పని ఇది. (ఈ వార్తలను తరగతికి తెచ్చే ముందు ఒక్క జాగ్రత్త తప్పదు: ఆ బల్లల మధ్య అటువంటి మరణం జరిగిన ఇంటినుంచి వచ్చినవారు ఉండవచ్చు. శీర్షికతో సరిపెట్టి, ఫోటోలు, వివరాలు వదిలేయడం మేలు.)

‘అప్పుల బాధ తాళలేక రైతు ఆత్మహత్య’ కూడా ఇటువంటిదే. ‘తాళలేక’లో లోపం రైతు శక్తిది. అప్పిచ్చినవాడు, విత్తనం అమ్మినవాడు, ధర కట్టనివాడు ఎవరూ ఆ వాక్యంలోకి రారు. అంతకన్నా లోతైన చిక్కు ‘రైతు’ అన్న మాటలో ఉంది. మరణించినది కౌలుదారైతే పట్టా పుస్తకం అతని పేర ఉండదు, బ్యాంకు దృష్టిలో అతడు రైతు కాడు. ఉమ్మడి రాష్ట్రంలో 2011లో సాగుదారులకు రుణ అర్హత కార్డుల కోసం ప్రత్యేక చట్టమే చేయవలసి వచ్చింది. మరణించినది స్త్రీ అయితే, పొలంలో ఆమె ఎన్నేళ్లు పనిచేసినా, శీర్షికలో తరచుగా ‘రైతు భార్య’ అవుతుంది. సేద్యం చేసే స్త్రీని రైతుగా లెక్కించకపోవడం గణాంకాలను ఎలా తారుమారు చేస్తుందో పాలగుమ్మి సాయినాథ్ పదే పదే రాశాడు. ఇది సామాజికశాస్త్ర పాఠంలా కనిపిస్తుంది, నిజానికి శబ్దార్థ పాఠం. ‘రైతు’ అనే పదానికి నిఘంటువు ఇచ్చే అర్థం ఒకటి, రెవెన్యూ కార్యాలయం ఇచ్చే అర్థం మరొకటి, శీర్షిక ఇచ్చే అర్థం ఇంకొకటి. అభిధ, లక్షణ, వ్యంజనల మీద పుంఖానుపుంఖంగా వ్యాసాలు రాసే శాఖకు ఈ మూడు అర్థాల మధ్య నలిగిన మనిషి కనిపించకపోవడం విచిత్రం.

కులం పేరెత్తని పత్రికాభాష గురించి వేరే చెప్పనక్కరలేదు. ‘ఓ సామాజిక వర్గానికి చెందిన’ అన్న పదబంధం తెలుగు విలేఖరి సృష్టించిన అపురూపమైన సభ్యోక్తి. ఊరిపేరూ ఇంటిపేరూ చూసి ఏ కులమో ప్రతి పాఠకుడికీ తెలుస్తూనే ఉంటుంది, పత్రికకు మాత్రం తెలియనట్టుంటుంది. దాడి చేసినవారూ దెబ్బతిన్నవారూ ఉన్నచోట ‘ఇరువర్గాల ఘర్షణ’ అనగానే ఇద్దరూ సమానులవుతారు.

పాదసూచికలో పత్రిక

వార్త అశాశ్వతం, సాహిత్యం శాశ్వతం, అశాశ్వతమైనదాన్ని పాఠ్యంగా పెట్టరాదు అన్న వాదం పాతది, గౌరవంగా వినదగ్గది. అయితే తెలుగు శాఖ శాశ్వతమని బోధిస్తున్న ఆధునిక సాహిత్యంలో ఎంత భాగం పత్రికలోనుంచి పుట్టిందో ఆ వాదులు ఒకసారి సరిచూసుకోవాలి. కందుకూరి వీరేశలింగం 1874లో ‘వివేకవర్ధని’ స్థాపించాడు. ఉద్యోగుల లంచగొండితనాన్ని, వేశ్యాలోలతను, బాల్యవివాహాలను అందులో పేరుపేరునా ఎండగట్టాడు. నేడు విద్యార్థి చదివే వీరేశలింగం మాత్రం పత్రికనుంచి కత్తిరించి తీసిన వ్యాసకర్త. ఏ వారం, ఎవరిమీద, ఏ జవాబుకు జవాబుగా రాశాడో తెలియకుండా చదివే వ్యాసం నీతిబోధలా కనిపించడంలో వింత లేదు. అది అసలు నీతిబోధ కాదు, కయ్యం.

‘కన్యాశుల్కం’ విషయం మరీ విశేషం. 1897 నాటి తొలి ముద్రణకు గురజాడ రాసిన ఆంగ్ల పీఠికలో ఒక లెక్క ఉంది. విజయనగరం మహారాజు విశాఖపట్నం జిల్లాలో మూడేళ్లకు సంబంధించి చేయించిన కన్యాశుల్క వివాహాల జాబితాలో 1034 పెళ్లిళ్లు నమోదయ్యాయి. అయిదేళ్ల వయసులో పెళ్లయినవారు 99 మంది, ఏడాది నిండిన పసికూనలు ముగ్గురు. నేటి భాషలో చెప్పాలంటే అది క్షేత్ర పరిశోధన మీద నిలిచిన కథనం. గురజాడ నాటకాన్ని ఆ జాబితా పక్కనే పెట్టి ప్రచురించాడు. బోధనలో జాబితా రాలిపోయి గిరీశం మిగిలాడు. గిరీశం మాటలకు తరగతి పకపకా నవ్వుతుంది. సుబ్బి పెళ్లి ఆ 1034లో ఒకటి కావచ్చునన్న ఊహ ఆ నవ్వుకు అడ్డుపడదు.

తెలంగాణ సాహిత్యచరిత్రలోనూ ఇదే తీరు. సురవరం ప్రతాపరెడ్డి 1926లో ‘గోలకొండ పత్రిక’ ప్రారంభించాడు. తెలంగాణలో కవులు లేరన్న వాదానికి జవాబుగా 1934లో 354 మంది కవులతో ‘గోలకొండ కవుల సంచిక’ వెలువడింది. పరీక్షలో అడిగేది ఆ సంవత్సరమూ ఆ సంఖ్యా మాత్రమే. ఒక పత్రిక ఒక అపవాదును వార్తగా వదిలేయక, ఆధారాలు పోగుచేసి ఎదుర్కొన్న పద్ధతి పాఠం కావడం లేదు.

దళిత కవిత్వ బోధనలో ఈ కత్తిరింపు మరింత బాధాకరం. 1985 జూలై 17న కారంచేడులో, 1991 ఆగస్టు 6న చుండూరులో జరిగిన హత్యాకాండలు లేకుండా ‘చిక్కనవుతున్న పాట’ లేదు. పాఠ్యపుస్తకంలో ఆ ఊళ్లు పాదసూచికలవుతాయి: ఫలానా జిల్లాలోని గ్రామం, దళితులపై దాడి జరిగింది. అంతే. జిల్లాల పునర్విభజన తరువాత ఆ జిల్లా పేరు కూడా పాతబడింది, సూచిక మాత్రం అలాగే ఉంది. చుండూరులో ఎనిమిది మంది దళితులను చంపారు. ప్రత్యేక న్యాయస్థానం 2007లో 21 మందికి యావజ్జీవ శిక్ష వేసింది. 2014 ఏప్రిల్‌లో హైకోర్టు నిందితులందరినీ విడుదల చేసింది. ఘటన, శిక్ష, విడుదల అనే మూడు సందర్భాల పత్రికలను గ్రంథాలయంనుంచి తీసి, కవితతో పాటు బల్లమీద పెడితే ఏమవుతుంది? మొదటి పేజీనుంచి లోపలి పేజీకి ఆ ఊరు ఎప్పుడు జరిగింది, చనిపోయినవారి పేర్లు ఎప్పటిదాకా అచ్చయ్యాయి, ఎప్పటినుంచి ‘ఎనిమిది మంది’గా మిగిలారు అన్నవి విద్యార్థి తన కళ్లతో చూస్తాడు. కవిత ఎందుకు పేర్లు పెట్టి పిలుస్తుందో అప్పుడు ఏ విమర్శకుడి సాయమూ లేకుండా అర్థమవుతుంది. శాశ్వతమైన కవితను చదవడానికి అశాశ్వతమైన పత్రిక అవసరమైన సందర్భమిది.

నెల్లూరు పాఠం

తరగతి గదిలో ఒక కథనం చర్చను, చర్చ చర్యను పుట్టించగలదా అని అనుమానించేవారికి తెలుగునేలలోనే ఒక ఉదాహరణ ఉంది. అది విశ్వవిద్యాలయానిది కాదు, రాత్రిబడిది. 1991లో నెల్లూరు జిల్లాలో ‘అక్షరదీపం’ పేరిట సంపూర్ణ అక్షరాస్యతా ఉద్యమం నడిచింది. వాచకాల్లో మద్యం, కూలి, ఆడవాళ్ల బతుకు గురించిన పాఠాలు ఉండేవి. సారా దుకాణాన్ని మూయించిన ఆడవాళ్ల కథా వాటిలో ఉంది. దూబగుంట స్త్రీలు తమ ఊళ్లో సారా ఆపించారు, ఆ ఊరు తరువాతి వాచకంలో పాఠమైంది, పాఠం చదివిన ఊళ్లు దూబగుంటలయ్యాయి. 1992లో సారా వేలంపాటలు జరగనివ్వని స్థాయికి ఉద్యమం పెరిగింది. 1993 అక్టోబరులో రాష్ట్రమంతటా సారా నిషేధం, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చాయి. 1997లో నిషేధం సడలింది.

ఈ ఉదంతాన్ని అక్షరాస్యత విజయగాథగా చెప్పడం పరిపాటి. దానిలోని పఠనపద్ధతిని ఎవరూ పట్టించుకోరు. ఆ పాఠంలో ‘మద్యపానం హానికరం’ అన్న ఉపదేశం కాదు పనిచేసింది. ఫలానా ఊళ్లో ఫలానావాళ్లు ఈ పని చేశారు అన్న సకర్తృకమైన వాక్యం పనిచేసింది. అందులో కర్త ఉంది, క్రియ ఉంది, ఊరు ఉంది. చదివేవారికి ఆ కర్త స్థానంలో తమ పేరు పెట్టుకోవడానికి వీలుంది. కర్తలేని శీర్షిక నుంచి ఆ వీలు రాదు.

మరో సగం కూడా చెప్పాలి. ఉద్యమాన్ని దినపత్రికలు, ముఖ్యంగా ‘ఈనాడు’, భుజాన వేసుకున్నాయి. రోజూ వార్తలు, ఫోటోలు, ఊరూరి కథనాలు వచ్చాయి. ఆ ప్రచారం లేకుండా ఉద్యమం అంత దూరం పోయేది కాదు. కానీ పత్రికల్లోకి వచ్చిన నెల్లూరు స్త్రీ రాత్రిబడిలో కూలి గురించి, ధరల గురించి కూడా మాట్లాడిన స్త్రీయేనా? సూసీ తారు, తేజస్విని నిరంజన 1994లో ప్రచురించిన ప్రసిద్ధ వ్యాసంలో పత్రికలు, పార్టీలు, ప్రభుత్వం, స్త్రీవాదులు ఒక్కొక్కరు ఆ స్త్రీని తమ తమ అవసరాలకు తగినట్టు ఎలా మలుచుకున్నారో చూపారు. ఉద్యమాన్ని పెంచిన వార్తే ఉద్యమకారిణిని కుదించగలదన్నమాట. అందుచేత పత్రికను తరగతిలో పూజించడానికీ తావు లేదు, తిట్టిపోయడానికీ తావు లేదు. తమ ఇష్టమైన పత్రికను మాత్రమే తరగతికి తెచ్చే అధ్యాపకులు ఈ విషయం గుర్తించాలి. ఏ పత్రిక ఏ పార్టీదో తెలుగు పాఠకుడికి టీకొట్టు దగ్గరే తెలిసిపోతుంది. అది తెలియనట్టు ఒకే పత్రిక చదివి వినిపించడం విద్యార్థి తెలివిని అవమానించడం. ఒకే రోజు, ఒకే ఘటన, రెండు పత్రికలు అన్నది కనీస నియమం. 1989నుంచి జిల్లా సంచికలు వచ్చాక శ్రీకాకుళం ఉద్దానంలో మూత్రపిండాల వ్యాధి ఆదిలాబాదు పాఠకుడికి, ఆదిలాబాదు ఏజెన్సీ జ్వరాలు నెల్లూరు పాఠకుడికి రోజువారీ వార్తగా అందడం తగ్గింది. రెండు జిల్లాల సంచికలు పక్కపక్కన పెట్టడం కూడా ఒక పాఠమే. చరవాణిలో వచ్చే ముప్ఫై సెకన్ల వార్తకు ఈ నియమాలు వర్తించవని కొందరంటారు. ముప్ఫై సెకన్లలోనూ కర్త, క్రియ ఉండవలసిందే.

తరగతిలో ఎవరు మాట్లాడతారు

అసలైన అభ్యంతరం ఇంకొకటి ఉంది. శాశ్వతత్వ వాదులు దాన్ని లేవనెత్తరు, లేవనెత్తవలసినవారు మౌనంగా ఉంటారు. కులదాడి వార్తను తరగతిలో చర్చకు పెట్టగానే అందరి చూపులూ మూడో బల్లలో కూర్చున్న దళిత విద్యార్థివైపు తిరుగుతాయి. అతడు సాక్షి అవుతాడు, తన వాడ గురించి చెప్పవలసివస్తుంది. మిగిలినవారు సానుభూతిపరులుగానో, మౌన ప్రేక్షకులుగానో సుఖంగా ఉంటారు. లైంగిక హింస వార్త వస్తే ఆడపిల్లల గతీ అదే. సామాజిక చర్చ పేరిట కొందరి బతుకును మిగతావారి విద్యకు ముడిసరుకు చేయడం బోధన కాదు. అభిప్రాయాల చర్చ సమానుల మధ్య జరిగేదని ఊహించుకునే అధ్యాపకుడు తన తరగతి హాజరుపట్టీని ఎన్నడూ సరిగ్గా చూడలేదనుకోవాలి.

వాక్యపఠనం ఈ ప్రమాదాన్ని పూర్తిగా తొలగించదు, బరువును పక్కకు జరుపుతుంది. ప్రశ్న ‘నీ అనుభవం చెప్పు’ అని కాక, ‘ఈ వాక్యంలో కొట్టినవాడు ఎక్కడున్నాడు’ అని ఉన్నప్పుడు జవాబు చెప్పే బాధ్యత అందరిమీదా పడుతుంది. ‘ఇరువర్గాలు’ అన్నమాటను వెనకేసుకొచ్చే విద్యార్థి తన అనుభవాన్ని కాదు, ఆ మాటకు వార్తలో ఉన్న ఆధారాన్ని చూపాలి. చూపలేకపోతే వాక్యం తిరగరాయాలి. అలా తిరగరాసే సమయంలో తరగతి వేడెక్కవచ్చు. వేడెక్కనివ్వాలి. తమ గ్రామంలోని దాడిని ‘గొడవ’ అని ఇన్నాళ్లూ పిలిచిన విద్యార్థికి ఆ మాట తొలిసారి నోట్లో అడ్డుపడే చోటు అదే.

అధ్యాపకుల భయం మరొకటుంది. తాత్కాలిక ఒప్పందం మీద పనిచేసే అధ్యాపకుడు రాజకీయం మాట్లాడాడన్న ఫిర్యాదుకు ఉద్యోగం పోగొట్టుకోవచ్చు. ఇది నిజమైన భయం, దీన్ని పిరికితనమని కొట్టిపారేసే హక్కు శాశ్వత ఉద్యోగులకు లేదు. అయితే ‘ఈ వాక్యానికి కర్త ఎవరు’ అన్నది ఏ ప్రిన్సిపాలూ నిషేధించలేని ప్రశ్న. అది పాఠ్యప్రణాళికలోనే ఉంది.

ప్రశ్నపత్రం

ప్రస్తుతం పత్రికారచన ఐచ్ఛికంగా ఉన్నచోట అడిగే ప్రశ్న దాదాపు ఇలా ఉంటుంది: ‘సమాజాభివృద్ధిలో పత్రికల పాత్రను వివరించండి’. దీనికి జవాబు రాయడానికి ఒక్క పత్రికనూ తెరవనక్కరలేదు, మార్గదర్శి పుస్తకం చాలు. ‘ప్రజాస్వామ్యానికి నాలుగో స్తంభం’ అని మొదలుపెడితే సగం మార్కులు ఖాయం. శాఖలు నిజంగా వార్తను పాఠ్యంగా అంగీకరిస్తే ఈ ప్రశ్నను రద్దు చేయడంతో మొదలుపెట్టాలి. దాని స్థానంలో విద్యార్థి ముందు మురుగుకాలువ మరణం గురించిన రెండు పత్రికల కత్తిరింపులు, 2013 చట్టంలోని సంబంధిత సెక్షన్ తెలుగు అనువాదం ఉంచవచ్చు. ‘దిగిన’ అన్నచోట ‘దించిన’ అని రాయడానికి ఆ కత్తిరింపుల్లో ఆధారం ఉందా? లేకపోతే ఏ కార్యాలయంలో దొరుకుతుంది? ఆ కార్యాలయానికి సమాచార హక్కు చట్టం 2005 కింద దరఖాస్తు రాయండి.

లేఖారచన పాఠం నేటికీ సెలవు చీటీ, పుస్తకాల దుకాణానికి ఉత్తరం దగ్గరే ఆగి ఉంది. పై దరఖాస్తు దానికన్నా కష్టమైన రచన. అందులో ఒక్క విశేషణమూ అక్కరలేదు, ప్రతి నామవాచకమూ కచ్చితంగా ఉండాలి. ఏ తేదీన, ఏ వీధిలో, ఏ పనికి, ఎవరి ఉత్తర్వుపై, ఏ కాంట్రాక్టరు కింద, యంత్రాలు ఉన్నాయా, రక్షణ పరికరాలు ఎవరు ఇచ్చారు? ముప్ఫై రోజుల్లో జవాబు రావాలని చట్టం. అన్ని జవాబులూ రావు. వచ్చిన జవాబు ఏ తెలుగులో వస్తుందో, అందులో ‘దించుట’ అన్న క్రియ ఎక్కడ ఉంటుందో, ‘జరిగినది’ అన్న క్రియ ఎన్నిసార్లు ఉంటుందో చూడడం తరువాతి తరగతి పని.